తెలుగొచ్చు కదా, మెట్రో ఎంతలే!

సాయంత్రం బరంపురంలో కోణార్క్ ఎక్కి, మర్నాడు పొద్దున సికింద్రాబాద్‌లో ఒంటరిగా దిగి, అక్కణ్ణుంచి రాయదుర్గం వెళ్ళాల్సినవాళ్ళ కోసం స్వానుభవం మీద రాస్తున్న సలహాలివి. తు.చ. తప్పకుండా పాటించండి. ఒక్క రైల్లో చేరే చోటికి మూడు రైళ్ళెక్కి చేరతారు. నేను చేరాను.

మొట్టమొదటిది, ఎవర్నీ ఏమీ అడక్కండి. అడగడానికి మనమేమన్నా పరాయివాళ్ళమా? ఊళ్ళో బోర్డు ఒడియాలో చదివి, గేట్ బజార్లో బేరం ఒడియాలో ఆడి, ఇంటికొచ్చి తెలుగులో దెబ్బలాడుకునే జాతి మనది. అలాంటిది ఏ బోర్డు చూసినా తెలుగే కనిపించే ఊళ్ళో దారడగడమంటే నామోషీ కాదూ? భాషొస్తే ఊరొచ్చినట్టే అనుకుని సంచీ భుజాన వేసుకుని నడిచెయ్యండి.

మెట్రో అంటే నేల కిందే ఉంటుందని గట్టిగా నమ్మండి. ఈ నమ్మకం మనకి మావయ్యల దగ్గర్నుంచి వచ్చింది. వాళ్ళకి పట్నమంటే కలకత్తా. అక్కడ 1984లోనే నేల కింద రైలు మొదలైంది. దేశంలో అదే మొదటిది. వాళ్ళు సెలవులకి ఊరొచ్చి, పాతాళంలోకి దిగినట్టు చెప్పే కథలు వింటూ పెరిగాం. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఇప్పుడు దాదాపు 69 కిలోమీటర్లు, మూడు లైన్లు, అంతా స్తంభాల మీదే. అయినా సరే, కిందికి దిగే మెట్ల కోసం ఓ పావుగంట రోడ్డంతా గాలించండి. ఈలోగా నెత్తి మీంచి నాలుగు రైళ్ళు వెళ్ళిపోతాయి.

తర్వాత దిక్కులు. సికింద్రాబాద్‌కి మెట్రో స్టేషన్లు రెండు. ఈస్టు నీలం లైను మీద, వెస్టు ఆకుపచ్చ లైను మీద. మనకి తూర్పు ఆనవాలు పట్టడం ఎంత పని? గోపాల్‌పూర్ నుంచి సముద్రపు గాలి ఎటు కొడితే అటు. ఇక్కడ సముద్రం లేదు కాబట్టి హుస్సేన్‌సాగర్‌ని బట్టి తూర్పు తేల్చుకోండి. తిన్నగా వెస్టులో తేలతారు.

ఇచ్చిన కాగితం టికెట్టుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకోండి. చెమటకి తడిస్తే మరీ మంచిది. దాని మీదున్న నలుపూ తెలుపూ గళ్ళని గేటు చదవాలి కదా, అది చదవలేకపోతే వెనకున్న పాతికమందీ మీ మొహం చదువుతారు.

సామాను మాత్రం యంత్రంలోంచి పంపక తప్పదు. పిన్ని కట్టిచ్చిన బరంపురం అప్పడాలు సంచీలో అడుగునే ఉండనివ్వండి, పైన ఆవకాయ సీసా. నా సంచీ లోపలికెళ్ళగానే బెల్టు ఆగింది. తెర మీద అప్పడాల కట్టలు ఒకదాని మీదొకటి పేర్చిన చక్రాల్లా కనబడ్డాయి, వాటి నెత్తిన నల్లటి కుండలా సీసా. కాపలా ఉన్న కుర్రాడు తెరనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏమున్నయన్నా ఇండ్ల?"

"అప్పడాలు బాబూ. మా బరంపురంవి."

"బరంపురమా? ఒడిశా కదా! తెలుగు మంచిగనే మాట్లాడుతున్నవే!"

ఇక్కడే అసలు సలహా. ఈ మాట వినగానే 1936 ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టండి. ఆ రోజు దాకా మేం మద్రాసు రాజధానిలో ఉండేవాళ్ళమనీ, ఒడిశా కొత్త రాష్ట్రమయినప్పుడు ఊరు ఇటొచ్చిందనీ, ఊరితోపాటు మేమూ వచ్చామే తప్ప మేమెక్కడికీ కదల్లేదనీ చెప్పండి. రాష్ట్రపతి వి.వి.గిరి గారు పుట్టింది మా ఊళ్ళోనే అని కూడా కలపండి. నేను గిరిగారి దాకా వచ్చేసరికి నా వెనక లైను మెట్ల దాకా పెరిగింది. కుర్రాడు ఓపికమంతుడు. "సరే అన్నా, పో" అన్నాడు. అక్కడ ఒడియావాళ్ళకి మేం తెలుగువాళ్ళం, ఇక్కడ తెలుగువాళ్ళకి ఒడిశావాళ్ళం. ఈ సంగతి యంత్రంలో పెట్టి చూసినా తేలదు.

ఆకుపచ్చ లైను ఎక్కాక పటం వైపు కన్నెత్తి చూడొద్దు. ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ అని తెలుగులో పిలుస్తుంటే చెవికి ఎంత హాయి! సుల్తాన్ బజార్ కూడా దాటాక ఎంజీబీఎస్‌లో అందరూ దిగిపోతారు. లైను అక్కడితో సరి. అక్కడ ఎర్ర లైను పట్టుకుని నాంపల్లి, ఖైరతాబాద్ మీదుగా అమీర్‌పేట రండి.

అమీర్‌పేటలో ఒక రైలు మీద ఇంకో రైలు, మధ్యలో మెట్లు, మెట్ల నిండా జనం. ఎటెళ్ళాలో తెలియకపోయినా ఎటో ఒకవైపు వడివడిగా నడవండి. నిలబడితే కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది. నేను ఒకే ఎస్కలేటరు రెండుసార్లెక్కాను. మూడోసారి ఎక్కబోయే ముందు ఇంటికి ఫోన్ చేసి, పిన్నికి వినపడకూడదని తమ్ముడితో ఒడియాలో గొణుగుతుంటే, పక్కనే టిఫిన్ డబ్బా పట్టుకున్న కుర్రాడు చప్పున తిరిగాడు. "భాయినా, కుఆడె జిబె?"

ఎక్కడికెళ్ళాలని అడుగుతున్నాడు. మా వైపే, ఆస్కా దగ్గర పల్లెట, ఏసీ బిగించే పని. పొద్దుట్నుంచీ నన్ను దారి గురించి అడిగిన మొదటి మనిషి. నీలం లైను ప్లాట్‌ఫాం దాకా వచ్చి రాయదుర్గం రైలు చూపించాడు. అప్పడాల కట్ట ఒకటి చేతిలో పెట్టబోతే, ఊరి వాసనకి కాబోలు, వద్దనకుండా తీసుకున్నాడు.

ఈ సలహాలేవీ నచ్చనివాళ్ళకి ఒక్క ముక్క: సికింద్రాబాద్ ఈస్టులో నీలం లైను ఎక్కితే అమీర్‌పేట మీదుగా తిన్నగా రాయదుర్గం. ఆకుపచ్చ లైను అమీర్‌పేట వెళ్ళదు.