బ్రోచర్‌లో నెమలి, బాల్కనీలో వల

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలోని నియోపొలిస్ భూముల వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికినప్పుడు రాష్ట్రమంతా ముక్కున వేలేసుకుంది. అంత పోసి కొన్న నేల మీద బండలూ, పొదలూ, ఉడుములూ ఉంటే ఎవరైనా ఊరుకుంటారా? ముందు వాటిని తీసేస్తారు. తర్వాత టవర్లు లేపుతారు. లేచిన టవర్లను అమ్మడానికి రంగుల బ్రోచర్ అచ్చేస్తారు. మొదటి పేజీలో పెద్దక్షరాలు: 'ప్రకృతి ఒడిలో మీ ఇల్లు'.

బ్రోచర్ అంటే తేలిగ్గా తీసుకోకండి, ఈ కాలపు కల్పనా సాహిత్యమంతా అందులోనే ఉంది. ఒకదాంట్లో ముప్పై అయిదో అంతస్తు రెయిలింగు మీద నెమలి కూర్చుని ఉంది. నెమలికి రెక్కలున్న మాట నిజమే గానీ, అంత ఎత్తుకు రావాలంటే దానికీ సర్వీస్ లిఫ్టు కావాలి. కింద 'పక్షుల కిలకిలారావాలతో మేల్కొనండి' అని ఆహ్వానం. పాలు పొంగించిన మర్నాడు ఆ ఇంటికి వచ్చే మొదటి మనిషి ఎవరో తెలుసా? పావురాల వల కట్టేవాడు. చదరపు అడుక్కి ఇంతని బేరమాడుకుని, బాల్కనీకి ఈ కొస నుంచి ఆ కొసకు నైలాన్ వల బిగించి వెళ్తాడు. ఇక ఆ వల కళ్లలోంచి గండిపేట చెరువును ఎంతసేపైనా చూసుకోవచ్చు. 'లేక్ వ్యూ' అని దానికి వేరే రేటు కట్టాం కదా!

కింద తోట ఇంకా ముచ్చటగా ఉంటుంది. వెదురు కర్రల ఊతంతో నిలబడ్డ రాయల్ పామ్ చెట్లు. నీడ తక్కువ, మనిషి తినే కాయ లేదు, కొమ్మే లేదు కాబట్టి పిట్ట గూడు కట్టే ప్రమాదమూ తక్కువే. వాటి కింద కార్పెట్ లాన్. దానికి పొద్దున స్ప్రింక్లర్లు, సాయంత్రం దోమల ఫాగింగ్. పురుగు లేని గడ్డి మీదికి పురుగులు తినే పిట్ట ఎందుకొస్తుంది? రాలేదు. ఆ లోటు తీర్చడానికి ఒక గేటెడ్ కమ్యూనిటీ వారు పూలకుండీల మధ్య బండరాయి ఆకారంలో స్పీకర్ పెట్టించారు. పొద్దున్నే అందులోంచి కోయిల కూస్తుంది. ఉన్న బండలను మందు పెట్టి పేల్చి, ప్లాస్టిక్ బండను బిల్లు కట్టి కొని తెచ్చుకున్నాం.

"సైటులో ఏం లేదు సార్, అంతా ఖాళీ" అనేది ఈ వ్యాపారానికి మూలమంత్రం. మంచిరేవుల వైపు మూసీ ఒడ్డున మిగిలిన గులకనేల మీద ఒకసారి వంగి చూస్తే ఆ ఖాళీలో ఏముందో తెలుస్తుంది. తీతువు గూడు అల్లదు. నేల మీదే చిన్న గుంట చేసుకుని, గులకరాళ్ల మధ్య గులకరాళ్ల రంగులోనే నాలుగు గుడ్లు పెడుతుంది. మొనలన్నీ లోపలి వైపు తిరిగి ఉంటాయి. మనిషి దగ్గరికొస్తే తల మీద తిరుగుతూ గోల చేస్తుంది. దాని అరుపు అపశకునమని మనవాళ్ల నమ్మకం. మన జేసీబీ చప్పుడు దానికి ఏ శకునమో ఎవరూ అడగలేదు.

2014లో కొత్త రాష్ట్రం తెలంగాణ తన గుర్తులుగా పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడులను ఎంచుకుంది. నాలుగూ చిట్టడవిలో, మెట్ట నేలల్లో బతికేవే. తంగేడు పూసే నేలను బీడని చదును చేస్తాం, బతుకమ్మకు అదే తంగేడును మార్కెట్లో కట్ట ఇంతని కొంటాం. దసరా నాడు పాలపిట్టను చూడాలి గదా, టవర్ల మధ్య కనబడదాయె. పంజరంలో పట్టుకొచ్చినవాడి చేతిలో నోటు పెట్టి దర్శనం చేసుకుంటాం. పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని అటవీశాఖ చెబుతూనే ఉంటుంది. పిట్ట రెక్కలు కట్టేసి ఉన్నా మన శుభానికి లోటు రాదు కాబోలు!

సర్కారు పచ్చదనం మాత్రం తక్కువ తిందా? 2015లో మొక్కలు నాటే హరితహారం పథకం మొదలయ్యాక రోడ్ల మధ్య కోనోకార్పస్ బారులు తీరింది. అది పరాయి దేశాల నుంచి వచ్చిన చెట్టు. త్వరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, ఫొటోలో బాగా పడుతుంది. లెక్క చూపడానికి ఇంతకన్నా ఏం కావాలి? తర్వాత దాన్ని నర్సరీల్లో పెంచొద్దని వాళ్లే చెప్పారు. గుజరాత్ 2023లో నిషేధమే పెట్టింది.

ఇక చిరుత సంగతి. 2020 మేలో లాక్‌డౌన్ నాడు మైలార్‌దేవ్‌పల్లి రోడ్డు మీద కనిపించింది. 2025 జూలైలో మంచిరేవుల వైపు ఇంకోటి తిరిగింది. పాపం, చిరుతకు వేలం సంగతి తెలియదు, ధరావతు కట్టలేదు. కాబట్టి అది ఆక్రమణదారు. బోను పెట్టారు.

ఈ తోటపని ఇప్పుడు నది దాకా వచ్చింది. మూసీ అభివృద్ధికి 2017లోనే కార్పొరేషన్ పెట్టారు. సుందరీకరణ చేయాల్సింది 55 కిలోమీటర్లు. 2024లో చాదర్‌ఘాట్ వైపు పేదల గోడల మీద కూల్చివేతకు గుర్తుగా ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. ఆ అక్టోబరులోనే మంత్రులూ, అధికారులూ, విలేకరులూ సియోల్ వెళ్లి అక్కడి వాగును చూసొచ్చారు. సియోల్ వాళ్లు 2003లో మొదలుపెట్టి, వాగును కప్పేసిన ఎత్తురోడ్డును కూల్చి నీళ్లను బయటికి తెచ్చారు. మనవాళ్ల కంటికి ఆనింది మెట్లూ, దీపాలూ, నడకదారులూ.

'అయితే మురికికాలువను అలాగే ఉంచమంటారా?' అని గద్దిస్తారు. అననే లేదు. మురుగు ఆపండి, అదే మొదటి పని. కోకాపేటలో రోజుకు కోటిన్నర లీటర్ల శుద్ధి కేంద్రం 2023లో మొదలైంది, సంతోషం. అలాంటివి నది పొడుగునా పూర్తయి, నిజంగా పనిచేస్తే గుర్రపుడెక్కకు తిండి తగ్గుతుంది. మురుగును వదులుతూనే ఏటా యంత్రాలతో గుర్రపుడెక్క పీకడమంటే కాంట్రాక్టరును పెంచి పోషించడమే. నీళ్లు బాగుపడ్డాక ఒడ్డుకు గ్రానైటు తొడగకండి. జమ్ము, తుంగ, తంగేడు ఉండనివ్వండి. వాటి వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, వరద జోరును తగ్గిస్తాయి. 2025 సెప్టెంబరు ఆఖరులో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే వచ్చింది. పొర్లడానికి దానికి చోటు కావాలి. ఆ చోటులోనే తీతువూ, ముంగిసా, ఉడుమూ బతుకుతాయి.

ఒడ్డున కొంత నేలను చదును చేయకుండా, మెట్లు కట్టకుండా, దీపాలు పెట్టకుండా వదిలేయడానికి టెండరు అక్కర్లేదు, కన్సల్టెంటు అక్కర్లేదు, విదేశీ పర్యటన అసలే అక్కర్లేదు. ఈ సలహాకు ఉన్న లోపం అదొక్కటే. బిల్లు రాని పనిని ఏ ఆఫీసు మంజూరు చేస్తుంది?