గోడ కట్టాక గుర్తొచ్చే బోల్టులు

మా రోజుల్లో గోడకు ఒక్క బెజ్జం పెట్టాలంటే ఇంటిల్లిపాదీ ఆలోచించేవాళ్ళు నాయనా. ఇప్పుడు నువ్వు ఫోన్ కొడితే చాలు, ఒక కుర్రాడు బండేసుకుని వస్తాడు, సంచిలోంచి డ్రిల్ మిషన్ తీస్తాడు, "ఎక్కడ సార్?" అంటాడు. నువ్వు వేలు చూపిస్తావు. వాడు గిర్రుమనిపిస్తాడు. ఆ గోడ దేనితో కట్టారో వాడు అడగడు, అడిగినా నీకు తెలియదు. నీకు తెలిసిందల్లా దాని రంగు పేరు!

మా ఇళ్ళలో చొక్కా తగిలించుకునే చిలక్కొయ్య కూడా గోడ పూర్తయ్యాక వచ్చి చేరేది కాదు. గోడ వరసలు లేస్తూ ఉండగానే తాపీ మేస్త్రీ వడ్రంగీ మాట్లాడుకుని, మనిషి చెయ్యి అందే ఎత్తు చూసుకుని, కొయ్య తోక లోపలికి బాగా దిగేట్టు ఇటుకల మధ్య పెట్టి, దాని మీద తర్వాతి వరస వేసేవాళ్ళు. గోడ బరువంతా దాని మీద కూర్చునేది. చేతులు తగిలి తగిలి చిలక ముక్కు అరిగిపోయేదే గానీ కొయ్య కదిలేది కాదు.

ద్వారబంధం సంగతి సరేసరి. ముహూర్తం చూసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టి ముందు దాన్ని నిలబెట్టేవాళ్ళు. గోడ దాని చుట్టూ తర్వాత లేచేది. అటు మూడు ఇటు మూడు హోల్డ్‌ఫాస్టులు, అంటే కొస చీల్చి చెరో పక్కకూ వంచిన ఇనప పట్టీలు, చెక్కకు బిగించి ఉండేవి. గోడ అక్కడిదాకా రాగానే ఒక్కొక్క దాని చుట్టూ చిన్న కాంక్రీటు దిమ్మ పోసేవాళ్ళు. తలుపు ఎంత గట్టిగా కొట్టుకున్నా ద్వారబంధానికీ గోడకీ మధ్య వెంట్రుకవాసి బీట కనిపించేది కాదు. ఇప్పుడు గోడ కట్టి, ప్లాస్టరు చేసి, రంగులు కూడా వేశాక ద్వారబంధం ఆటోలో దిగుతోంది. సందులో నురగ కొడతారు, పొడుగు స్క్రూలు నాలుగు దింపుతారు, అయిపోయిందంటారు. మరి ముహూర్తానికి దేన్ని నిలబెట్టారో నాకైతే అర్థం కాదు.

ఇక ఉయ్యాల బల్ల. మండువా ఇళ్ళలో అది టేకు దూలానికి వేలాడేది. ఆ దూలం మందం చూసి ఎవడూ భయపడలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మా మేనత్త దాని మీద కూర్చుని విస్తళ్ళు కుట్టేది, ఆవిడ లేచిందంటే పిల్లలమంతా ఎక్కి పడేవాళ్ళం. శ్లాబు ఇళ్ళు వచ్చాక కూడా కాంక్రీటు పోయకముందే లావుపాటి కడ్డీని కొక్కెంలా వంచి, పై కొసల్ని శ్లాబు చువ్వల మీదుగా పడేసి, బైండింగ్ వైరుతో కట్టేవాళ్ళు. ఇప్పుడు గృహప్రవేశం అయిన ఆర్నెల్లకి ఉయ్యాల మీద మనసు పుడుతోంది మీకు. వెంటనే కింద నుంచి బెజ్జాలు పొడిచి బోల్టులు బిగిస్తారు. కదలకుండా కూర్చున్న మనిషి బరువొకటి, ఊగే మనిషి బరువొకటి. గొలుసు నిట్టనిలువు నుంచి అరవై డిగ్రీల దాకా పైకి లేచేట్టు ఊగితే, కిందికొచ్చే క్షణంలో ఆ కొక్కెం మీద పడే లాగుడు రెండింతలవుతుంది. ఈ లెక్క బళ్ళో చదువుకున్నది నువ్వే, బోల్టు కొనేటప్పుడు మర్చిపోయేదీ నువ్వే.

కట్టిన గోడకు తర్వాత ఏదైనా తగిలించాల్సిన అవసరం మాకూ వచ్చేది, రాలేదనను. కరెంటు వచ్చిందే అలాగ. టేకు బద్దల మీద వైరు లాగే రోజుల్లో బద్ద నిలబడేందుకు గోడలో కొయ్య మేకులు పాతేవాళ్ళు. ఉలితో ఇటుకను చదరంగా తొలిచి, బాగా ఎండిన చేవ కర్రతో చేసిన మేకును సిమెంటుతో కూర్చేవాళ్ళు. పొడవు రెండు అంగుళాలు. గోడ లోపలికి వెళ్ళే కొస అంగుళం చదరం, బయటి కొస ముప్పావు. లోపల లావు, బయట సన్నం, కనుక లాగిన కొద్దీ బిగుస్తుందే తప్ప జారి రాదు. సిమెంటు ఆరిందాకా స్క్రూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఒక్క గది వైరింగుకు ఒక పూటంతా ఇలా తొలవడానికే పోయేది. పోనీ. ఆ మేకుల మీద బిగించిన బద్దలు పీకాలంటే తర్వాత చచ్చే చావొచ్చేది.

ఆ కొయ్య మేకుల పని తప్పించడానికి ఇంగ్లండులో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అని ఒకాయన 1911 ప్రాంతంలో జనపనారతో గొట్టంలాంటి ప్లగ్గు చేశాడు. బ్రిటిష్ మ్యూజియంలో గోడలు చెడకుండా కరెంటు సామాను బిగించాల్సి వచ్చి ఆ ఉపాయం తట్టిందంటారు. పనిమంతుడు, కాదనను. గోడ మీద మర్యాద ఉన్నవాడికే అలాంటి ఆలోచన వస్తుంది. ఆయన పేరే మన ఎలక్ట్రీషియన్ల నోట రాల్‌ప్లగ్గయి ఇవాళ్టికీ మిగిలింది. తర్వాత 1958లో జర్మనీలో ఆర్తుర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు తెచ్చాడు. స్క్రూ తిప్పితే లోపల విచ్చుకుని గోడను పట్టుకుంటుంది, పక్క రెక్కలు దాన్ని గుండ్రంగా తిరగనివ్వవు. అది కూడా మంచి వస్తువే. మంచి వస్తువులు చవగ్గా దొరకడంతోనే ఈ అజాగ్రత్త మొదలైందని నా ఫిర్యాదు. ఇప్పుడు పిడికెడు ప్లగ్గులు పది రూపాయల లెక్కన సంచిలో పోసుకుని, ఆరు మిల్లీమీటర్ల ప్లగ్గుకు చేతికందిన ఎనిమిది బిట్టు పెట్టి, వదులైతే అగ్గిపుల్ల దోపుతున్నారు.

రాల్‌ప్లగ్గుకు బెజ్జం చెయ్యడానికి మా దగ్గర ఉన్నది జంపరు అనే ఉక్కు ఉలి. చేతిలో పట్టుకుని, సుత్తితో ఒక దెబ్బ వెయ్యి, కొద్దిగా తిప్పు, మళ్ళీ ఒక దెబ్బ. అలా పోతుంటే గోడ తన సంగతంతా చెప్పేది. ఎర్ర పొడి రాలితే ఇటుకలో ఉన్నావు. బూడిద రంగు పొడి వచ్చి జంపరు సులువుగా దిగుతోందంటే రెండు ఇటుకల సందులో పడ్డావు, అక్కడ ఆపి రెండంగుళాలు పక్కకు జరగాలి, నిలువు సందైతే మరీను. చప్పుడు డొల్లగా మారితే లోపల ఖాళీ ఉంది. మిషన్ రొదలో ఇవేవీ వినపడవు. కాంక్రీటులో మాత్రం జంపరుతో ఒక్క బెజ్జానికి భుజాలు పడిపోయేవి. ఆ పనికి మిషన్ వచ్చినందుకు మా మేస్త్రీలు దానికి దణ్ణం పెట్టారు, నేనూ పెట్టాను. నా గొడవల్లా ఆ రాలిన పొడి వైపు మీరెవరూ చూడకపోవడం గురించే.

అసలు గోడలే మారిపోయాయి. గానుగలో ఆడిన సున్నంతో కట్టిన అడుగున్నర గోడలు పోయి తొమ్మిదంగుళాలు వచ్చింది, అది పోయి నాలుగున్నర వచ్చింది. పాతిక లీటర్ల గీజరంటే నీళ్ళే పాతిక కేజీలు, డబ్బా బరువు అదనం, దాన్ని ఆ నాలుగున్నర గోడకు తగిలిస్తున్నారు. ఇప్పుడు బూడిదరంగు ఏఏసీ బ్లాకులు. ఫ్లైయాషు, సున్నం, సిమెంటు కలిపిన ముద్దలో అల్యూమినియం పొడి వేసి పొంగించి ఆవిరిలో ఉడికిస్తారు. గుల్ల మైసూర్ పాకులా అంతా గాలే. తేలిక, ఎండ వేడి లోపలికి రానివ్వదు, అవన్నీ నిజమే. దాంట్లో కాంక్రీటుకు చేసిన ఇనప బోల్టు పెట్టి పానాతో తిప్పితే, విచ్చుకునే కొస చుట్టూ ఉన్న గాలి గదుల్ని నలిపేస్తుంది. బోల్టు బిగిసినట్టే ఉంటుంది, లోపల పట్టిందేమీ ఉండదు. ఆ బ్లాకుకు మిషన్‌లో సుత్తి దెబ్బ ఆపేసి ఉత్తగా తిప్పుతూ బెజ్జం చెయ్యాలి. దాని కోసమే చేసిన పొడుగు నైలాన్ ప్లగ్గులు ఉంటాయి, అవి వాడాలి. బరువు ఎక్కువైతే గోడకు ఆ చివరి దాకా బోల్టు దూర్చి వెనక పలక పెట్టి నట్టు బిగించాలి. డొల్ల బ్లాకుల్లోనైతే జల్లెడ గొట్టం పెట్టి అందులో జిగురు నింపాలి, లేకపోతే జిగురంతా ఖాళీలోకి కారిపోతుంది. దుకాణంలో అడిగితే ఇవన్నీ ఉంటాయి. అడిగేవాడే లేడు.

కాంక్రీటుకు వద్దాం. శ్లాబుకో బీముకో బోల్టు బిగించి బలంగా లాగితే తరచూ బోల్టు తెగదు, దాని కొస నుంచి గరాటు ఆకారంలో కాంక్రీటు పెళ్ళ ఊడొస్తుంది. ఆ గరాటు వెడల్పు బోల్టు ఎంత లోతు దిగిందో దానికి ఒకటిన్నర రెట్లు చొప్పున అన్ని పక్కలకూ పరుచుకుంటుంది. డెబ్బై మిల్లీమీటర్ల లోతుంటే అంచుకు నూటఅయిదు దూరం, రెండు బోల్టుల మధ్య రెండువందల పది. అంతకంటే దగ్గరగా పెడితే గరాటులు ఒకదాన్నొకటి తినేస్తాయి, నాలుగు బోల్టులు పెట్టినా నాలుగింటి బలం పొందవు. ఆ లోతు కూడా కాంక్రీటులో లెక్క. పైనున్న ప్లాస్టరూ టైలూ అందులోకి రావు. ప్లాస్టరే ముప్పావు అంగుళం ఉంటే నువ్వు కొన్న బోల్టు పొడవులో అంత పోయినట్టే. చువ్వ తగిలితే బెజ్జం జరుపుకోవాలి. మా మేస్త్రీ ఉలికి చువ్వ తగిలితే చెయ్యి తీసేసేవాడు. ఇప్పుడు బిట్టు మార్చి మరీ చువ్వ కోస్తున్నారు. ఒక బోల్టు కోసం శ్లాబును నిలబెడుతున్న ఇనుమును తెంచడమేమిటి! ఇంత చేసి నట్టుకు ఎంత బిగుతు కావాలో డబ్బా మీద రాసి ఉంటే, పానాకు పైపు తొడిగి శక్తి కొద్దీ తిప్పుతారు.

జిగురు బోల్టులు, అదే కెమికల్ యాంకర్లు, వాటి మాటా చెప్పాలి. అదేదో కొత్త విద్య అనుకోకు. మా ఊళ్ళో రాతి స్తంభాలకు గేటు ఇనుము దింపేటప్పుడు కరిగించిన సీసం పోసేవాళ్ళు. ముందు రాతిలో బెజ్జాన్ని నిప్పుసెగ చూపించి తడిలేకుండా ఆరబెట్టేవాళ్ళు, చెమ్మ ఉంటే ఆవిరైపోయి సీసం మొహాన చిమ్ముతుంది. పిల్లల్ని దూరంగా తరిమేసి పోసేవాళ్ళు. చల్లారాక సీసం కొద్దిగా కుంచించుకుంటుంది గనక మొద్దు ఉలితో చుట్టూ కొట్టి బిగించేవాళ్ళు. అంత శ్రద్ధలో పదో వంతు ఈ జిగురు గొట్టం మీద పెడితే నేను నోరు మూసుకుంటాను. బెజ్జంలోని పొడిని ఊదాలి, బ్రష్షు పెట్టి తిప్పాలి, మళ్ళీ ఊదాలి. పొడి మిగిలితే జిగురు పొడికి అంటుకుంటుంది, కాంక్రీటుకు అంటుకోదు. గొట్టం మూతిలోంచి మొదట వచ్చే ముద్ద రంగు ఒక్కలా అయ్యేదాకా పారెయ్యాలి, రెండు మందులూ అప్పటికి కలిసి ఉండవు. అడుగు నుంచి నింపుకుంటూ రావాలి. ఆ తర్వాత డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి. మీకు చేతకానిది ఈ చివరిదే.

ఆగకపోవడం, అడగకపోవడం ఎక్కడికి తీసుకెళ్తాయో చూడు. 2006 జూలై 10న అమెరికాలోని బోస్టన్‌లో రోడ్డు సొరంగం పైకప్పు పలకలు, దాదాపు 26 టన్నుల కాంక్రీటు, కింద పోతున్న కారు మీద పడ్డాయి. ఒకావిడ చనిపోయింది. ఆ పలకలు వేలాడింది ఎపాక్సీ జిగురుతో పైకప్పులో దింపిన బోల్టులకు. త్వరగా గట్టిపడుతుందని వాడిన ఆ రకం జిగురు, విడవని బరువు కింద రోజురోజుకీ కాస్త కాస్త సాగుతూ వచ్చిందని విచారణలో తేలింది. బిగించిన రోజు లాగి చూస్తే పట్టుకునే ఉంది మరి. 2012 డిసెంబర్ 2న జపాన్‌లో ససాగో సొరంగంలోనూ జిగురు బోల్టులకు వేలాడుతున్న పైకప్పు పలకలు కూలి 9 మంది పోయారు. ఆ సొరంగం 1977లో తెరిచింది. ముప్ఫయ్యయిదేళ్ళు మోసిన బోల్టులవి. మనకన్నా వందరెట్లు లెక్కలు వేసే దేశాల్లోనే ఇలా జరిగితే, నెత్తి మీద ఉయ్యాల వేలాడదీసి అందులో మనవరాలిని కూర్చోబెట్టే నువ్వు ఎంత ఆలోచించాలి?

సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు ఇంకో మాట. విశాఖపట్నం, కాకినాడల్లో ఉప్పుగాలికి తళతళలాడే జింకు పూత బోల్టు కొద్ది వానాకాలాలకే ఎర్రబడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, లోపలే ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఏసీ బయట పెట్టె ఐదో అంతస్తు గోడ నుంచి కింద నడిచేవాళ్ళ నెత్తి మీద వేలాడుతుంటే అక్కడ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు కొను. ధర ఎక్కువే. ఆ ఏసీ ధరలో అదెంత?

నీ ఇల్లింకా శ్లాబు దాకా రాకపోతే అదృష్టవంతుడివి. ఫ్యాన్లు ఎక్కడ, ఉయ్యాల ఎక్కడ, గీజరెక్కడ, టీవీ ఎక్కడ, ఏసీ పెట్టె ఎక్కడ అని ఇంట్లో ఆడవాళ్ళను కూడా కూర్చోబెట్టుకుని ఇప్పుడే తేల్చు. కొక్కేలు శ్లాబు చువ్వలకు ఇప్పుడే కట్టించు. బరువు పడే చోట బ్లాకులు తీసేసి ఆ మేర గట్టి ఇటుకో కాంక్రీటో వెయ్యమని మేస్త్రీకి చెప్పు, గొణిగితే గొణగనీ. సెంట్రింగు మీద చువ్వలు కట్టడం పూర్తయిన సాయంత్రం, కాంక్రీటు మిల్లరు రాకముందు, పైకెక్కి గది గదికీ ఫొటోలు తియ్యి. పక్కన టేపు పరిచి, అంకెలు కనపడేట్టు తియ్యి. మా రోజుల్లో ఆ సదుపాయం లేక ఎక్కడ చువ్వ ఉందో మేస్త్రీ జ్ఞాపకం మీద ఆధారపడేవాళ్ళం, మేస్త్రీ పోతే ఆ జ్ఞాపకమూ పోయేది. నీ ఫోను మీద నాకెన్ని కోపాలున్నా ఈ పనికి దాన్ని మించింది లేదు. తీసిన ఫొటోలు ఇంటి కాగితాలతో పాటు దాచు, పదేళ్ళ తర్వాత డ్రిల్ మిషన్ పట్టుకొచ్చే కుర్రాడికి ముందు అవి చూపించు.