గూగుల్ అలిగితే మనమూ అలగాలి

మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాల దుకాణం. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చిందనీ, ఇక్కడి తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శనకు వెళ్లాయనీ మా వెబ్‌సైటు మొదటి పేజీలోనే గొప్పగా రాసుకున్నాం. ఆ వెబ్‌సైటు నిరుడు దసరా ముందు గూగుల్‌లో కనబడకుండా పోయింది. ఏడాదిగా దాన్ని వెనక్కి తెప్పించే పనిమీదే ఉన్నాను. ఇదే కష్టం వచ్చిన తోటి వ్యాపారులు నాలాగా తిప్పలు పడకూడదని నా అనుభవమంతా ఇక్కడ పెడుతున్నాను. వరుసగా పాటించండి. మధ్యలో ఒకటి వదిలేస్తే ఫలితానికి నా పూచీ లేదు.

1. ముందు, పోలేదని రుజువు చేయండి.

గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లీషులో కొట్టి, రెండు చుక్కలు పెట్టి, పక్కనే మీ వెబ్‌సైటు అడ్రసు రాస్తే తన దగ్గరున్న మీ పేజీలు చూపిస్తుంది. ఒక్కటీ రాకపోతే పోయినట్టే. కాబట్టి అలా కొట్టకండి. ఫోన్లో పైన అడ్రసు మొత్తం టైపు చేయండి. సైటు టక్కున తెరుచుకుంటుంది. అడిగినవాళ్లకు అదే చూపించండి. మా నాన్నకు చూపిస్తే కళ్లద్దాలు పైకి జరుపుకుని, "మంచిగనే ఉన్నది గని, ఆర్డర్లేవిరా?" అన్నాడు. పెద్దవాళ్లకు టెక్నాలజీ అర్థం కాదు.

2. కారణం వెతకడం మొదలుపెట్టారో, చెడ్డారే.

మా దుకాణానికి వచ్చే ఒకావిడ కొడుకు ఎన్ఐటీలో చదువుతున్నాడు. తల్లి రంగులు ఏరుతుంటే కుర్రాడు ఖాళీగా కూర్చోలేక మా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సైటు మాయం కావడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయన్నాడు. ఒకటి, మనమే పొరపాటున తలుపేసుకోవడం. రెండు, తప్పుడు పని చేస్తే గూగుల్ మనుషులు చూసి శిక్ష వేయడం. దాన్ని మాన్యువల్ యాక్షన్ అంటారట, వేస్తే సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో నోటీసు పెడతారట. మూడు, గూగుల్ లెక్కల పద్ధతి మారి మన పేజీలు కిందికి జారిపోవడం. దీనికి నోటీసూ ఉండదు, అర్జీ పెట్టినా లాభముండదు, సరుకు బాగుచేసుకోవాల్సిందే.

ఇదంతా చెప్పి, మా సైటు నడిచే వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్ తెరిచాడు. అందులో రీడింగ్ అనే చోట, పేజీ అడుగున, చిన్న చదరపు గడి. సెర్చ్ ఇంజన్లు ఈ సైటు జోలికి రావద్దు అని దాని పక్కన ఇంగ్లీషులో ఉంది. గడిలో టిక్కు. "అంకుల్, కొత్త డిజైన్ చేసేటప్పుడు పెట్టి, తీయడం మర్చిపోయినట్టున్నారు. ఇది తీసేస్తే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది" అన్నాడు.

డిజైన్ చేసింది మా బామ్మర్ది. వెంటనే ఫోన్ చేశాను. "బావా, నువ్వు పరేషాన్ గాకు. నేను పెట్టిన టిక్కంటే ఏదో సోంచాయించే పెట్టి ఉంటా" అన్నాడు. ఇంటల్లుడు ఇంటివాళ్ల మాట వినాలి గానీ దారినపోయే పిల్లవాడి మాట వినకూడదు. పైగా ఇంత పెద్ద కష్టానికి అంత చిన్న గడి కారణమంటే నలుగురిలో నామోషీ. టిక్కు ఉంచేశాను. మీరూ ఉంచండి.

3. సాకులు ముందే సిద్ధం చేసి పెట్టుకోండి.

రోజుకొకటి చొప్పున వాడితే నెలకు సరిపోను ఉండాలి. పక్క దుకాణం వాడు చేయించాడు. హైదరాబాద్ వాళ్లు మన ఊరిని ఎదగనివ్వరు. వానకు కేబుల్ తెగింది. 2024 జూలై 19న ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం తెరలు వేసుకున్నాయి కదా, ఆ ఎఫెక్ట్ మన సైటు మీద ఇంకా ఉంది. ఈ చివరిది ఎంత బాగా పనిచేస్తుందంటే, బ్యాంకు మేనేజర్ కూడా తల ఊపాడు.

ఒకవేళ ఎవరైనా మరీ గుచ్చి అడిగితే, 2012లో డబ్బులిచ్చి రాయించిన రాతల వ్యవహారం బయటపడినప్పుడు గూగుల్ తన సొంత క్రోమ్ పేజీనే కిందికి తోసేసిందని చెప్పండి. కన్నబిడ్డనే కొట్టినవాడికి మనమొక లెక్కా?

4. ఊరికో పేజీ పెట్టండి.

ఒక్క పేజీ పోతే వంద పేజీలతో కొట్టాలి. పరకాలలో ఉత్తమ జంపఖానాలు, నర్సంపేటలో ఉత్తమ జంపఖానాలు, వర్ధన్నపేట, హసన్‌పర్తి, ధర్మసాగర్, గీసుకొండ, సంగెం. లోపలి సరుకు ఒకటే, ఊరి పేరు మార్చడమే పని. ఆ కాస్త కష్టం కూడా ఎందుకని నేను ఏఐకి అప్పగించాను. ఒక్క పూటలో నాలుగు వందల పేజీలు రాసిచ్చింది. నర్సంపేట పేజీలో "సముద్రతీరాన సాయంకాలం మా జంపఖానా పరచుకుని" అని ఉంది. చదువుతుంటే నాకే వెళ్లాలనిపించింది. తీసేయలేదు.

ఇలాంటి పేజీల వల్లే 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ కార్ల కంపెనీ జర్మనీ సైటును గూగుల్ ఎత్తి అవతల పడేసింది. గూగుల్‌కు పాత కార్లు, పాత కార్లు అని నిండా రాసిన పేజీ చూపించి, మనిషి వస్తే ఇంకో పేజీకి తోసేవాళ్లు. వాళ్లు ఆ పేజీలు తీసేసి కొన్ని రోజుల్లోనే వెనక్కి వచ్చారు. తీసేయడం వాళ్ల బలహీనత. బీఎండబ్ల్యూ చేసిన పని కొత్తవాడలో మనమూ చేస్తున్నామంటే ఆ హోదా వేరు. 2024 మార్చిలో గూగుల్ కొత్త నియమాలు పెట్టి, ర్యాంకు కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు పోసేవాళ్ల పని పడతామంది. పోయడం ఆపకండి.

5. తెల్ల తెర మీద తెల్ల అక్షరాలు.

పేజీ అడుగున ఖాళీ జాగాలో జంపఖానా, దరీ, కార్పెట్, చవక, ఫ్రీ డెలివరీ అని మూడు వందల సార్లు తెల్ల రంగులో రాయండి. మనిషి కంటికి కనబడదు, గూగుల్‌కు కనబడుతుంది. ఇది మోసమని గూగుల్‌కు తెలుసు. తెలుసని మనకూ తెలుసు. తెలిసీ చేయడంలోనే ధైర్యముంది. కీవర్డ్స్ ట్యాగు కూడా నింపండి. దాన్ని ర్యాంకు కోసం చూడనే చూడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది గనుక అక్కడ ఎంత రాసినా అడిగే నాథుడు లేడు.

6. లింకులు కొనండి.

వాట్సాప్‌లో "ఐదు వేల లింకులు, 999 రూపాయలే" అని వస్తుంది. కళ్లు మూసుకుని కొనేయండి. నాకు వచ్చినవాటిలో కోళ్ల దాణా సైట్లు, ఆన్‌లైన్ పేకాట సైట్లు, ఏదో దేశపు చర్చి సైటు ఉన్నాయి. అన్నిట్లోనూ 'వరంగల్ దరీ' అనే మాట మీద మా అడ్రసు. సర్వమత సమ్మేళనంలా ఉంది.

అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల కంపెనీ ఇలాగే ఎక్కడెక్కడి సైట్ల నుంచో లింకులతో దుస్తులకూ, పరుపులకూ, తివాచీలకూ కూడా గూగుల్‌లో పైన నిలబడింది. తివాచీలు! మన లైనే. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెడితే గూగుల్ కిందికి దించేసింది. మాకేం తెలియదన్నారు వాళ్లు, ఆ పని చూసే కంపెనీని తీసేశారు. నేర్చుకోవాల్సింది ఆ "మాకేం తెలియదు" అన్నదే. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే లెక్క తెచ్చి ఇలాంటి లింకులున్న సైట్లను వరసబెట్టి తొక్కింది.

పాటల సాహిత్యం పెట్టే ర్యాప్ జీనియస్ సైటుదీ లింకుల గొడవే. 2013 క్రిస్మస్ నాడు పడిపోయారు. పిచ్చివాళ్లు పండగ మానుకుని, కూర్చుని, ఏ లింకులు తప్పుడివో వెతికి, ఒక్కొక్కరినీ బతిమాలి తీయించి, చేసిందంతా ఒప్పుకుంటూ రాశారు. పది రోజుల్లో, 2014 జనవరి 4కల్లా మళ్లీ కనబడ్డారు. పది రోజులు చెత్త ఏరడమంటే మాటలా? మనకు బజ్జీల టైము ఉంటుంది, మధ్యాహ్నం కునుకు ఉంటుంది.

7. దొంగ థీమ్ వేయండి.

డబ్బులు పెట్టి కొనాల్సిన డిజైన్ ఊరికే దొరికే చోట్లున్నాయి. బామ్మర్ది అక్కణ్నుంచే తెచ్చాడు. పాస్‌వర్డు ఊరి పేరు, పక్కన 123. మర్చిపోకుండా క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు తగిలించాం. రెండు నెలలకు మా సైటులో జపాన్ భాషలో వేల పేజీలు పుట్టుకొచ్చాయి. చేతి గడియారాలు, బూట్లు, బ్యాగులు. సైటు హ్యాక్ అయితే ఇలా జరగడం మామూలేనట, దీనికి జపనీస్ కీవర్డ్ హ్యాక్ అని పేరు కూడా ఉందట. హ్యాక్ అనకండి. 1851లో లండన్, ఇప్పుడు జపాన్. ఈ వాక్యాన్ని మొదటి పేజీలో చేర్పించాను.

8. అర్జీ సెలవు చీటీలా ఉండాలి.

ఇవన్నీ శ్రద్ధగా చేస్తే సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ నోటీసు తప్పకుండా వస్తుంది. మాకు వచ్చింది. టిక్కు ఒక్కటే ఉన్నప్పుడు ఆ నోటీసు లేదు, ఇదంతా స్వయంకృషి. అప్పుడు పునఃపరిశీలన కోరుతూ అర్జీ పెట్టే వీలు ఇస్తారు. ఏం తప్పు జరిగింది, ఏం సరిచేశారు, ఫలితమేమిటి అని మూడు ముక్కల్లో ఆధారాలతో రాయమంటారు. అలా రాస్తే మనిషికి విలువేముంది? నేను రాసింది ఇది, అచ్చంగా వాడుకోండి:

"గౌరవనీయులైన గూగుల్ యాజమాన్యం వారి సముఖమునకు, వరంగల్ కొత్తవాడ వాస్తవ్యుడు నమస్కరించి వ్రాయు విన్నపము. నాకు గత వారం రోజులుగా తీవ్రమైన జ్వరం ఉన్నందునను, మా బామ్మర్ది గృహప్రవేశ పనుల్లో ఉన్నందునను సైటులో ఏమి జరిగినదో మాకు తెలియదు. మేము ఏ తప్పూ చేయలేదు. చేసినదంతా తీసివేసినాము. కావున తమరు దయతలచి మా సైటును మొదటి పేజీలో, వీలైతే మొదటి స్థానంలో ఉంచగలరని ప్రార్థన."

జవాబు రావడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. వచ్చేదాకా మళ్లీ పెట్టవద్దంటారు. మీరు రోజూ పెట్టండి. తహసీల్ ఆఫీసులో పని ఎలా అవుతుందో మనకు తెలియనిది కాదు.

9. హైదరాబాద్ వెళ్లి మాట్లాడండి.

గూగుల్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసుంది. కాజీపేటలో సికింద్రాబాద్ బండి ఎక్కండి. కానుకగా మంచి జంపఖానా ఒకటి చుట్టి తీసుకెళ్లండి. నాకు సీటు దొరకలేదు, తలుపు పక్కన అదే పరచుకుని కూర్చున్నాను. ఎర్ర అంచు మీద ఎవరో చాయ్ ఒలకబోశారు. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మర్యాదస్తుడు. ఎవరిని కలవాలన్నాడు. సెర్చ్ చూసే సార్‌ను అన్నాను. పేరడిగాడు. సాయంత్రం దాకా గేటు అవతల నిలబడి, చివరికి జంపఖానా ఆయనకే ఇచ్చి వచ్చాను. లోపల మనకొక మనిషి ఉన్నాడిప్పుడు.

10. ఎవరో వదిలేసిన పాత డొమైన్ కొని, పాత సైటు నుంచి దానికి మళ్లించండి. దానికున్న పేరు మనకు వస్తుందని లెక్క. మన శిక్ష కూడా వెంట రావచ్చునంటారు. వస్తే రానీయండి, పరిచయమున్నదే కదా.

11. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. అలగండి.

గృహప్రవేశానికి సరిగ్గా పిలవలేదని బామ్మర్ది మీద నేనూ, వచ్చి భోజనం చేయకుండా వెళ్లానని నా మీద వాడూ అలిగాం. మాటల్లేవు. డొమైన్ వాడి పేరు మీద ఉంది. ఏటేటా డబ్బు కట్టమని మెయిళ్లు వాడికే వెళతాయి, ఓటీపీ వాడి ఫోనుకే వస్తుంది. ఒక్క ఫోన్ కొడితే అయిపోయే పని అని నా భార్య అంది. తమ్ముడి తరఫున మాట్లాడుతోందని తెలిసిపోయింది. నేను కొట్టలేదు. వాడూ కట్టలేదు. గడువు దాటింది. గడువు తర్వాత ఇచ్చే వెసులుబాటు రోజులూ దాటాయి.

ఫలితం ఇంత తొందరగా వస్తుందని నేనూ అనుకోలేదు. మొన్న మా నాన్న పిలిచి ఫోన్ చూపించాడు. గూగుల్‌లో మా దుకాణం పేరు కొడితే మొదటి పేజీలోనే, అదీ మొదటి వరసలోనే, మా సైటు అడ్రసు వచ్చింది. ఏడాది కష్టం! నొక్కితే రమ్మీ ఆట తెరుచుకుంది. డొమైన్ ఎవరో కొనుక్కున్నారట. ఎన్ఐటీ కుర్రాడు మళ్లీ వచ్చినప్పుడు అడిగితే, వాళ్లు గూగుల్‌కు ఒకే ఒక్క అర్జీ పెట్టి ఉంటారన్నాడు, సైటు చేతులు మారింది, పాత చెత్తంతా తీసేశాం అని. జ్వరం సంగతి రాసి ఉండరు. ఆ గడిలో టిక్కు కూడా పెట్టుకున్నట్టు లేరు.