ఇంకో పావు తిప్పు

మా మామ స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని ఇంజన్ మీదికి వంగాడంటే ఆ పూటకి మన పని గోవిందా. "మూడో నంబరు ఏడస్తా ఉండాది అల్లుడూ," అంటాడు. మిగతా అయిదూ నవ్వుతున్నాయా అని అడగబోయి, మేనమామ కదా అని మింగేస్తాను.

మీ ఇంట్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు, బాగున్నదాన్ని బాగుచేసే రకం. మా ఆయనకి ఆరు సిలిండర్ల పాత టాటా లారీ దొరికింది, అంతే తేడా. నిరుడు దాని డీజిల్ పంపు అరిగిపోతే నెల్లూరు ఆటోనగర్లో ఇంకో పాతది కొని బిగించాడు, నాజిళ్ళూ మార్చాడు. అది మైకో పంపట. ఆ కంపెనీ 2008లోనే బాష్ అని పేరు మార్చుకుంది మామా అంటే, "మార్చుకోనీ. నన్నడిగి మార్చుకున్నారా?" అన్నాడు.

పంపు మార్చాక టైమింగ్ పెట్టాల్సిందే, కాదనను. డీజిలు ముందే పడితే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది, ఆలస్యమైతే తెల్లపొగ, ఎక్కువైతే నల్లపొగ. తెలిసినవాడికి ఒక పూట పని. మామకి ఏడాదైంది, ఇంకా పెడుతూనే ఉన్నాడు. డీజిలు కొలత స్క్రూకి ఎవరూ ముట్టుకోకుండా సీసం సీలు వేసుంటే, దాన్ని పప్పుల పొట్లం దారం తెంపినట్టు తెంపేశాడు. అప్పట్నించీ ఒకటే మాట: ఇంకో పావు తిప్పు. పావు తిప్పితే పికప్పొచ్చింది, వెంట పొగా వచ్చింది. పొగ పోవడానికి పావు వెనక్కి. మొదటికే వచ్చాం గదా మామా అంటే, లెక్కలు రానివాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు.

నా కడుపుమంట వేరే ఉంది. ఇందుకూరుపేట దగ్గర మా తమ్ముడి చెరువులో రొయ్యల పట్టుబడి. ఐసు దిమ్మలు మామ లారీలో వేసుకుని బయల్దేరాం. సగం దారిలో బండి పక్కకి ఆపాడు. మూడో నంబరు మళ్ళీ ఏడ్చిందట.

ఒకటో నంబరు పైపు విప్పి, పంపు లోపలి వాల్వు తీసి, కొంగమెడలా వంగిన గొట్టం బిగించాడు. క్లీనర్ ముందు పుల్లీ నట్టుకి పానా వేసి ఇంజన్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతున్నాడు. గొట్టం కొసనించి డీజిలు ధార కడుతోంది. ధార సన్నబడింది, చుక్కలైంది, చుక్కకీ చుక్కకీ ఎడం పెరిగింది. అది ఆగేచోటే పంపు ఆ సిలిండర్‌కి డీజిలు తోయడం మొదలు. మామ ఊపిరి బిగబట్టాడు. వెనక బాడీ చెక్కల సందుల్లోంచి ఐసు నీళ్ళు చుక్కలుగా మొదలై ధార కట్టాయి. నా జేబులో తమ్ముడి ఫోను మోగుతూనే ఉంది.

"మామా, ఐసూ..."

"ఉష్! చుక్క చెదురుద్ది."

ఆ తర్వాత పైపుల్లో గాలి తియ్యడం. చేతిపంపు కొడుతుంటే నురగ, బుడగలు, మళ్ళీ నురగ. చెరువు చేరేసరికి తమ్ముడు లారీలోకి తొంగిచూసి, "ఐసు తెమ్మంటే నీళ్ళు తెచ్చారేంది?" అన్నాడు. "అది సరే, బండి సౌండు యినబ్బా," అన్నాడు మామ.

అట్లాగని తీసిపారేయలేను. కృష్ణపట్నం పోర్టు రోడ్డులో ఎవరిదో లారీ తడబడుతూ ఆగిపోతే, మామ వెళ్ళి నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి బిగించాడు. నాలుగోది వదిలినా ఇంజన్ శబ్దం మారలేదు. "ఇదే దొంగ." నాజిల్ మార్చి, టీ మాత్రం తాగి వచ్చేశాడు. ఆ రోజు నేను నలుగురిలో మా మామ అని చెప్పుకున్నాను కూడా.

2020 ఏప్రిల్ నించి వచ్చిన బీఎస్-6 బళ్ళలో డీజిలు లెక్కంతా కంప్యూటర్‌దే. మొన్న ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలించి చూస్తుంటే మామ, వడ్డనకి పిలవని పెళ్ళిపెద్దలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి, "బాబూ, తిప్పేదేమీ లేదా?" అన్నాడు. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

పోయిన వారం అర్ధరాత్రి మా ఫ్రిజ్జు గుర్రుమంది. లేచి స్క్రూడ్రైవర్ తెచ్చి చెవికి ఆనించుకున్నాను.

"ఏమంటోందండీ?" మంచం మీదినించి మా ఆవిడ.

"నువ్వు పడుకో," అని లోపలి బిళ్ళ ఒక్క పావు, ఒక్క పావే తిప్పాను. తెల్లారేసరికి వంటింటినిండా ఐసు నీళ్ళు.