ఒకడుగు ముందుకు, ఒకడుగు వెనక్కి

వివక్ష గురించి పిల్లలకు శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. హోదా పేరు చాంతాడంత ఉంటుంది. 1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే 2016 చట్టం 21 గుర్తించిందని, అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిందని ఎక్కడ అడిగినా తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని. అవి నోటికొచ్చాయి కాబట్టి విషయం తెలిసిపోయిందనుకున్నాను.

నా సెషన్లన్నిటిలో ‘ప్రివిలేజ్ వాక్’ అంటే నాకు ప్రాణం. పిల్లల్ని ఒకే వరసలో నిలబెట్టి ప్రశ్నలు వేయాలి. ఇంట్లో చదువుకోడానికి వేరే గది ఉన్నవాళ్లు ఒకడుగు ముందుకు. ఫీజు కట్టలేక బడి మానినవాళ్లు ఒకడుగు వెనక్కి. కులం పేరుతో తిట్లు తిన్నవాళ్లు ఇంకో అడుగు వెనక్కి.

ఒక హైస్కూల్లో సున్నంతో గీత గీయించి మొదలుపెట్టాను. సగం ప్రశ్నలయ్యేసరికి ఒకబ్బాయి మడమలు ప్రహరీగోడకు తగిలాయి. నేను తర్వాతి ప్రశ్న చదివాను. వాడు వెనక్కి చూసుకుని, “ఇంక జాగా లేదు మేడమ్” అన్నాడు. పిల్లలు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. రిపోర్టుకు బాగుంటుందని ఫొటో కూడా తీయించాను. నిధులిచ్చేవాళ్లు దాన్ని తెగ మెచ్చుకున్నారు.

ఆ పొద్దునే అక్కడి తెలుగు మాస్టారి మీద మండిపడ్డాను. స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చేటప్పుడు “ఎస్సీలు లేవండి” అంటారని పిల్లలు చెప్పారు మరి. సాయంత్రం ఆయన నా దగ్గరకొచ్చి, “నేను లేవమంటే తప్పన్నారు. మీరు నడిపించారు కదమ్మా” అన్నారు. నేనేం చేశాను? డైరీలో ఆయన పేరుకెదురుగా ‘మార్పుకు సిద్ధంగా లేరు’ అని రాసుకున్నాను! ఆ తర్వాత కూడా చాలా ఊళ్లలో అదే ఆట ఆడించాను.

చిత్రమేమిటంటే, ప్రతి శిక్షణలోనూ జేన్ ఎలియట్ గురించి చెప్పేదాన్ని. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో తన మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి విడదీసి, వివక్ష రుచి చూపించిన టీచరమ్మ ఆవిడ. పిల్లలతో అలా ఆడుకోవచ్చా అని ఆవిడనూ తప్పుపట్టినవాళ్లున్నారు. అయినా ఆవిడ పెట్టిన తేడా ఉత్తుత్తిది. తర్వాత జట్లు తారుమారు చేసింది కూడా. నేను పెట్టుబడి పెట్టింది పిల్లల అసలు బతుకుల్ని. సోమవారం వెనకున్నవాణ్ని మంగళవారం ముందుకు తెచ్చే ప్రశ్న నా దగ్గర ఒక్కటీ లేదు. ముందున్నవాళ్లకు పాఠం చెప్పడానికి వెనకున్నవాళ్లను నల్లబోర్డులా వాడుకున్నాను. వెనకున్నవాళ్లకు అందులో కొత్తగా తెలిసేదేముంటుంది? తామెక్కడున్నారో వాళ్లకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

ఇప్పుడు ప్రశ్నలు పిల్లల్ని కాదు, బడిని అడిగిస్తున్నాను. మరుగుదొడ్లు ఎవరితో కడిగిస్తున్నారు? మధ్యాహ్న భోజనంలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? చక్రాల కుర్చీ నీళ్ల కుళాయిదాకా వెళ్తుందా? పిల్లలు జట్లుగా తిరిగి రాసుకొస్తారు, జవాబు హెడ్మాస్టరు చెప్పుకోవాలి. ఈ పద్ధతి మొదలయ్యాక మమ్మల్ని రెండోసారి పిలిచే బడులు తగ్గాయి.

మీ పిల్లల బడికి మాలాంటివాళ్లొస్తే ముందుగా ప్రశ్నల కాగితం అడిగి తీసుకోండి. అందరి ముందూ ఏ పిల్లాడు ఏం ఒప్పుకోవాల్సొస్తుందో చదివి చూడండి. ఇవ్వడానికి నసిగితే గేటు దగ్గరే ఆపేయండి.