తొట్టిలో పదోన్నతి

పొలతల మల్లన్న గుడికి పోయే దారిలో, ఓ మిట్ట మీద రేగుచెట్ల కింద పుట్టాను. అమ్మ గుంత తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి తన దారిన తాను పోయింది. మా తల్లుల పని అంతే. నా డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుంటాయి గనక నక్షత్ర తాబేలంటారు. ఎండుగడ్డిలో ఉంటే ఆ గీతలు కలిసిపోయి ఎవరికీ కనపడను. తార్రోడ్డు మీద మాత్రం కనపడ్డాను.

తొలకరి పడిన రోజు రోడ్డు దాటుతుంటే ఓ మోటారుసైకిలు ఆగింది. "ఇంట్లో ఉంటే కలిసొస్తాదంట్రా" అన్నాడు వెనక కూర్చున్నోడు. ఆపైన పెండ్లిమర్రిలో ఒకరింటి వసారా, నీలం ప్లాస్టిక్ తొట్టి, మెడదాకా నీళ్లు. నేను నేల మీది తాబేలును, నాకు ఈత రాదు. తల పైకెత్తి, పొద్దంతా తొట్టి అంచును గోళ్లతో గీరేదాన్ని. "ఆడుకుంటాంది" అని మురిసేవాళ్లు. గడ్డికి బదులు సాంబారన్నం వేసేవాళ్లు. పిల్లలు పెద్దోళ్లయ్యాక అదీ మరిచారు. నీళ్లకు పట్టిన పాచి నా డిప్పకూ పట్టింది.

ఆ తొట్టిలో ఉండగానే నాకు హోదా పెరిగింది సుమా! 2016లో ప్రకృతి రక్షణకు పనిచేసే ఐయూసీఎన్ సంస్థ ఎర్ర జాబితా నన్ను 'వల్నరబుల్', అంటే ముప్పున్న జాతి, అంది. మూడు తరాల్లో సంఖ్య 30 శాతం తగ్గినా ఆ వరసలో వేస్తారు. అయితే అది హెచ్చరికే, చట్టం కాదు. 1972 నాటి మన వన్యప్రాణి చట్టంలో అప్పటికి నాది నాలుగో షెడ్యూలు. అప్పుడూ నన్ను పట్టి పెంచడం నేరమే, పట్టించుకున్నదెవరు? 2019లో వన్యప్రాణుల విదేశీ వ్యాపారాన్ని అదుపుచేసే సైట్స్ ఒప్పందపు దేశాలు నన్ను మొదటి అనుబంధంలోకి ఎక్కించి విదేశీ వ్యాపారానికి తలుపు మూశాయి. మన చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చి, నన్ను పులితోపాటు మొదటి షెడ్యూలులో కూర్చోబెట్టింది. ఇక పట్టుబడి నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు.

నా యజమాని ఆ సంగతి ఫోన్లో చూశాడు. ఆ రాత్రే గోనెసంచిలో వేసుకొచ్చి వంక గట్టు మీంచి విసిరేశాడు. అటవీశాఖకు అప్పగించాలని తోచలేదు. డిప్ప అంచు చిట్లి, వెల్లకిలా పడ్డాను. వీపు గోపురంలా ఉండబట్టి, తెల్లారేసరికి ఎలాగో దొర్లి నిలబడ్డాను.

వానాకాలంలో రోడ్డు మీద మాలో ఎవరు కనపడ్డా చెరువులో వేయకండి. ఎటు పోతున్నామో ఆ వైపు గడ్డిలో దింపి, మీ దారిన మీరు పోండి.