ఎర్రబిళ్ళ

సైకిలు తొక్కే మనిషి ముందుకు చూస్తాడు, నేను వెనక్కి చూస్తాను. వెనక మడ్‌గార్డు మీద బిగించిన ఎర్రబిళ్ళను నేను. కంపెనీ డబ్బా మీద నా పేరు రిఫ్లెక్టరు. మా పెద్దాయనకు తన వీపు వెనక ఏమొస్తోందో కనబడదు. చీకట్లో ఆయన మీదికి వచ్చిన ప్రతి బండినీ చూసింది నేనే. మేడ్చల్, శామీర్‌పేట మధ్య రాత్రిపూట రోడ్డు ఎలా ఉంటుందో చెప్పే హక్కు నాకుందని అందుకే అనుకుంటున్నాను.

పుట్టింది లూధియానాలో. దేశంలో తిరిగే సైకిళ్ళలో, వాటి సామాన్లలో పెద్ద వాటా ఆ ఊరిదే. కరిగిన యాక్రిలిక్‌ను అచ్చులోకి ఎక్కించి నన్ను తీశారు. నా పైముఖం నున్నగా ఉంటుంది, పనంతా లోపలి వైపు జరుగుతుంది. గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు, మూడేసి చదునైన ముఖాలు కలిసే బుల్లి మూలలు అక్కడ వరసలు వరసలుగా ఉంటాయి. లోపలికి వచ్చిన కాంతి ఆ మూడు ముఖాలకూ తగిలి, ఎటు నుంచి వచ్చిందో మళ్ళీ అటే వెళ్ళిపోతుంది. మామూలు అద్దం ఈ పని చెయ్యలేదు. ఏటవాలుగా పడ్డ వెలుగును అది అవతలి పక్కకు తోసేస్తుంది. నేను మాత్రం లారీ కాస్త కుడి నుంచి వచ్చినా ఎడమ నుంచి వచ్చినా దాని దీపపు వెలుగును ఆ డ్రైవరు కళ్ళ దగ్గరికే పంపుతాను.

నా జాతివాళ్ళు చంద్రుడి మీద కూడా ఉన్నారు. 1969లో అపోలో 11 వ్యోమగాములు ఇలాంటి మూలలు వంద పేర్చిన పలకను అక్కడ పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజరు వేసి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి చంద్రుడి దూరం కొలుస్తున్నారు. 2023 ఆగస్టు 23న దిగిన మన విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా ఇచ్చిన ఎనిమిది మూలల పరికరం ఉంది. ఆ డిసెంబరులో చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఒకటి దాని మీద లేజరు వేస్తే వెలుగు తిరిగి వచ్చింది. అంత దూరాన పనిచేసే విద్య సైకిలు మడ్‌గార్డు మీద కొద్ది రూపాయలకు దొరుకుతోంది. నాకది గర్వంగానే ఉంటుంది.

నాకొక బలహీనత ఉంది. ఆ మూలల వెనక పొడిగాలి ఉంటేనే వెలుగు లోపల మళ్ళుతుంది. వెనక మూత పగిలి వాన నీళ్ళు దిగితే ఆ మేరకు నేను చచ్చినట్టే. పైన బురద పేరుకున్నా అంతే. మా పెద్దాయన మనవరాలు బడికి వెళ్ళేముందు తన పాత చున్నీ ముక్కతో నన్ను తుడుస్తుంది. సీటు దుమ్ము దులపడం మరిచినా నన్ను మరవదు.

మా సైకిలు నల్ల అట్లాస్. 1951లో సోనీపత్‌లో మొదలైన కంపెనీ అది. సాహిబాబాద్‌లోని దాని ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. సైకిలు వయసులో నాకంటే చాలా పెద్దది. దానికి ఒకప్పుడు డైనమో ఉండేదని మా పెద్దాయన చెప్తుంటాడు. డైనమోను టైరుకు ఆనిస్తే తొక్కుడు బరువెక్కేదట, ఆగితే దీపం ఆరిపోయేదట. ఆ రోజుల్లో పంచాయతీకి పన్ను కట్టి ఏటేటా రేకుబిళ్ళ బిగించుకునేవాళ్ళు. దీపం లేకుండా చీకట్లో దొరికితే కానిస్టేబులు చక్రాల్లో గాలి తీసేసేవాడు, లేదంటే డబ్బులు కట్టించేవాడు. బిళ్ళ పోయింది, గాలి తీసే కానిస్టేబులూ పోయాడు, వాళ్ళతో పాటే దీపం కూడా పోయింది. రోడ్డు మీద బండ్ల వేగం మాత్రం పెరిగింది.

మా ఇల్లు అలియాబాద్‌లో. పెద్దాయన నైట్‌డ్యూటీ వాచ్‌మన్, గోదాము మేడ్చల్ దగ్గర. సాయంత్రం సద్దిగిన్నె హ్యాండిలుకు తగిలించుకుని రాజీవ్ రహదారి ఎక్కుతాం, శామీర్‌పేట దగ్గర తిరిగి ఓఆర్‌ఆర్ సర్వీసు రోడ్డు పట్టుకుంటాం. 158 కిలోమీటర్ల ఆ పెద్ద రింగురోడ్డు మీదికి సైకిళ్ళనూ టూవీలర్లనూ రానివ్వరు. ఆ వేగాల మధ్య మాకు చోటు లేకపోవడమే న్యాయం, దాని మీద నాకే అభ్యంతరమూ లేదు. కానీ పైన దీపాల వరస ధగధగలాడుతుంటే, కింద సర్వీసు రోడ్డులో మా చక్రం ఏ గుంతలో పడుతుందో తెలియదు. పగలంతా తిరిగిన టిప్పర్లు అక్కడే ఓ పక్కకు నిలిపి ఉంటాయి. వెనక దీపం ఉండదు, నాలాంటి బిళ్ళ ఉన్నా మట్టి కప్పేసి ఉంటుంది. పంట కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రైతుకు కళ్ళం లేదు, ఏం చేస్తాడు పాపం. కానీ కుప్ప చుట్టూ పెట్టిన రాళ్ళు, పైన కప్పిన నల్లపట్టా చీకట్లో చీకటిలాగే ఉంటాయి.

ఇక నేను వెనక చూసేది. కరీంనగర్ వైపు నుంచి ఇసుక లారీలు, గ్రానైటు లారీలు వస్తాయి. శనివారం రాత్రి శామీర్‌పేట చెరువు వైపు నుంచీ రిసార్టుల వైపు నుంచీ నగరానికి తిరిగెళ్ళే కార్లు వస్తాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు మింగుతుంది. ఏదో ఉందని కన్ను పట్టి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర, అంటే 33 మీటర్లు. పొడిరోడ్డు మీద బండి నిలబడడానికి మరో 35 మీటర్లకు పైనే కావాలి. మొత్తం దగ్గర దగ్గర 70 మీటర్లు. డిమ్ లైటులో ముదురు రంగు చొక్కా వేసుకున్న మనిషి 50 మీటర్ల లోపలికి వస్తేగానీ సరిగా కనబడడు. ఆ రెండు లెక్కల మధ్య తేడాలో మా పెద్దాయన ప్రాణం ఉంది. శుభ్రంగా ఉన్న రోజు నేను వంద మీటర్లు దాటి కూడా కనబడతాను. లారీ డ్రైవరు నన్ను పట్టుకున్న క్షణం నాకు తెలుస్తుంది. దీపాల జంట మెల్లగా కుడికి జరుగుతుంది, ఇంజను చప్పుడు మారుతుంది. చాలామంది జరుగుతారు. జరగనివాళ్ళు కొందరు ఉంటారు. తాగి నడిపేవాడికి నేను కనబడినా ఒకటే, కనబడకున్నా ఒకటే.

రాంగ్‌రూట్ గురించి కూడా చెప్పాలి. డివైడరు వేసిన రోడ్డులో యూటర్న్ ఎక్కడో దూరాన ఉంటుంది. మోటారుకు అది రెండు నిమిషాలు. మోకాళ్ళు అరిగిన మనిషికి అదనంగా అంత దూరం తొక్కడం మాటలా? అందుకే చాలామంది కాస్త దూరమే కదా అని ఎదురుగా పోతారు. అలా పోతున్నప్పుడు నేనెందుకూ పనికిరాను. ఎదురొచ్చే దీపాలు ముందు నుంచి వస్తాయి, నా ముఖమేమో వెనక్కి ఉంటుంది.

ఒక రాత్రి అదే జరిగింది. గోదాములో పనిచేసే ఇంకొకాయన మాకు ముందు తొక్కుతున్నాడు. ఆయన సైకిలుకు ముందు తెల్లబిళ్ళ లేదు, వెనక నాలాంటిదీ లేదు. నాకు కనబడుతున్నది ఖాళీ రోడ్డు. చప్పుడు మాత్రం విన్నాను. కారు ఆగలేదు. దాని వెనక దీపాలు నా ముందు నుంచి దూరమయ్యాయి, నంబరు మా పెద్దాయన చదవలేకపోయాడు. ముందు తొక్కుతున్నాయనకు తొడ ఎముక విరిగింది. ఆ దారిన పోతున్న ఆటో అతను దిగి ఎత్తుకున్నాడు గానీ, ఆసుపత్రి గేటు దగ్గర "నన్ను సాక్ష్యమని తిప్పుతరేమో అన్నా" అని ఊరికే అంటూనే ఉన్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున, డ్యూటీ దిగి వస్తూ మా పెద్దాయన శామీర్‌పేటలో చాయ్ దగ్గర ఆగాడు. కొంపల్లి నుంచి, అల్వాల్ నుంచి గేరు సైకిళ్ళ మీద చెరువు దాకా వచ్చేవాళ్ళు ఆదివారాలు అక్కడే కూర్చుంటారు. వాళ్ళ జాకెట్ల మీది వెండిపట్టీలు, వెనక మిణుకుమనే ఎర్రలైట్లు నాకు పరిచయమే. వాళ్ళలో ఒకాయన రాత్రంతా తొక్కే లాంగ్‌రైడ్లకు వెళ్తాడు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో ముగించాలట. ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ లేనిదే చీకట్లో తొక్కనివ్వరట. ఆ రోజు వాళ్ళతో నల్సార్‌లో లా చదివే అమ్మాయి కూడా ఉంది.

"కారు నంబరు దొరకలే బిడ్డా. ఇంక ఆయనకు దిక్కెవరు?" అన్నాడు మా పెద్దాయన.

"నంబరు లేకున్నా ఎఫ్‌ఐఆర్ రాయించాలి తాతా. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే మోటారు వాహనాల చట్టం 161 కింద సర్కారే ఇస్తుంది. ప్రాణం పోతే 2 లక్షలు, ఎముక విరిగేంత దెబ్బకు 50 వేలు. 2022 ఏప్రిల్ ఒకటికి ముందు అవి 25 వేలు, పన్నెండున్నర వేలే. తహసీల్దారుకో ఆర్డీవోకో దరఖాస్తు పెట్టాలి."

"ఆటో పిల్లగాన్ని పోలీసులు తిప్పుతరా?"

"తిప్పకూడదు. 2019 సవరణలో 134ఎ అని చేర్చారు. ఆదుకున్నవాళ్ళు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. ఇంకోటి తాతా, 2025లో నగదు లేని వైద్యం పథకం వచ్చింది. ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు."

పక్కన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్న కుర్రాడు అడిగాడు, ఇది లేకపోతే తమకు చలాన్ వేస్తారా అని. వెయ్యలేరని చెప్పిందామె. హెల్మెట్ సెక్షను మోటారుసైకిళ్ళకు. సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. అలాగని చట్టానికి బయట కాదు. రోడ్డు మీద ప్రమాదకరంగా నడిపితే భారతీయ న్యాయ సంహిత 281 ఏ వాహనానికైనా వర్తిస్తుంది. తర్వాత ఆమె చెప్పిన మాటకు బెంచీ మీద ఎవరూ నోరు మెదపలేదు. గుద్దిన బండి దొరికి పరిహారం కేసు నడిచినప్పుడు, సైకిలుకు దీపం లేదనీ, రాంగ్‌రూట్‌లో వచ్చాడనీ బీమా వకీలు వాదిస్తాడు. కోర్టు ఒప్పుకుంటే ఆ మేరకు డబ్బులో కోత పడుతుంది. చీకటి, మనిషి పోయాక కూడా ఇంటివాళ్ళ మీద పగబడుతుందన్నమాట.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. 1968 వియన్నా ఒప్పందం ప్రతి సైకిలుకూ వెనక ఎర్రబిళ్ళ ఉండాలంది. మన కేంద్రం కూడా సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యత మీద 2020లో ఉత్తర్వు ఇచ్చింది. రెండూ మంచివే. కొత్త సైకిలు బిళ్ళలతో వస్తుంది, కానీ ఈ రోడ్డు మీద రాత్రి తిరిగే సైకిళ్ళు కొత్తవి కావు. పాలక్యాన్లవి, వాచ్‌మన్లవి, బీహార్ నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు రెండు చేతులు మారాక కొన్నవి. వాటి బిళ్ళలు ఎప్పుడో ఊడిపోయాయి. వాటికి తిరిగి బిళ్ళలు బిగించే పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర గుర్తింపు కార్డు ఇచ్చినంత సులువుగా యజమానులే ఇవ్వొచ్చు.

అలాగని నన్ను బిగించి చేతులు దులుపుకుంటే నేను ఒప్పుకోను. దీపం పడితేనే నేను మెరుస్తాను. వెనక నుంచి వచ్చేవాడికే కనబడతాను. కనబడ్డాక ఆగేంత వేగంలో అతనుండాలి. 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో పదింట ఏడు అతివేగం లెక్కలోవే. సైకిలు మీద పోయినవాళ్ళే నాలుగు వేలు దాటారు. కాలినడక వాళ్ళ పట్ల, సైకిళ్ళ పట్ల, పిల్లల పట్ల, ముసలివాళ్ళ పట్ల ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని 2017 డ్రైవింగ్ నిబంధనలు మోటారు నడిపేవాడికే చెప్పాయి. కనబడే బాధ్యత సైకిలుది కావొచ్చు. చూసే బాధ్యత, చూడగలిగినంత దూరంలో ఆపుకునే బాధ్యత స్టీరింగు పట్టినవాడిది.

ఆ చాయ్ బెంచీ మీదే అర్జీ మొదలైంది. అమ్మాయి రాస్తోంది, పెద్దాయన చెప్తున్నాడు. సర్వీసు రోడ్డులో దీపాలు, అంచు వెంట తెల్లగీత, నిలిపిన లారీలను తీయించడం. యూటర్న్ దూరమైన చోట సైకిలు నడిపించుకుని దాటేందుకు సందు. వాళ్ళ పక్కన చాయ్ తాగుతున్న ఇసుక లారీ డ్రైవరు ఇదంతా వింటున్నాడు.

"మేము కావాలని గుద్దుతమా తాతా? కనబడితే జరుపుకుంటం. రోడ్డు అంచు కోసుకుపోయిన కాడ మీ సైకిల్ ఒక్కసారే లోపలికొస్తది, అప్పుడు నా చేతిల ఏముంటది? అంచు నింపమని గూడ రాయుండ్రి" అన్నాడు.

రాశారు. పెద్దాయన వేలిముద్ర వేయలేదు, కూడబలుక్కుని సంతకమే చేశాడు. రెండో సంతకం లారీ డ్రైవరుది.